బాగుండే బిడ్డకు సూది ఎందుకు?



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత గుడి మెట్ల దగ్గర ఒక తల్లి నన్ను ఆపింది. ఆమె చంకలో మూడు నెలల మగబిడ్డ ఉన్నాడు. దీవెన కోసం వచ్చిందేమో అనుకొని బిడ్డ తలపై చేయి పెట్టాను. ఆమె వచ్చింది దీవెన కోసం మాత్రమే కాదు.

"ఫాదర్, నా బిడ్డకు ఏ రోగమూ లేదు. ఆరో వారంలో సూదేపిస్తే తొడ వాచింది, జొరమొచ్చింది, రెండు రాత్రులు ఏడ్చినాడు. పదో వారంలో మల్లా రమ్మన్నారు. నేను పోలేదు. బాగుండే బిడ్డకు జొరం తెప్పిచ్చేది పాపం కాదా ఫాదర్?" అని అడిగింది.

"డాక్టర్లు చెప్పినట్లు చెయ్యమ్మా" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. ఆ తల్లి అడిగింది పాపాన్ని గురించి. నేను చెప్పింది డాక్టర్లను గురించి. గురువును అడగవలసిన ప్రశ్ననే ఆమె గురువును అడిగింది. జవాబు నేను ఇవ్వలేదు. ఈ వారం ఆ జవాబును మీ అందరి ముందు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎందుకంటే మన విచారణలలో ఈ ప్రశ్న ఆమె ఒక్కతె మనసులోనే లేదు.

ప్రశ్న చిన్నదేమీ కాదు. రోగంతో ఉన్న బిడ్డకు చేదు మందు పోస్తాము. అది ఎవరికీ సందేహం కలిగించదు. కాని ఇక్కడ బిడ్డకు రోగం లేదు. రేపు వస్తుందో రాదో తెలియదు. అలాంటి రోగం కోసం ఈ రోజు నిశ్చయంగా కలిగే నొప్పిని, మాట రాని పసివానికి, వాని అంగీకారం లేకుండా మనము కలిగించవచ్చునా? అది న్యాయమేనా?

దీనికి జవాబు వెదకాలంటే ముందుగా ఆ సూది బిడ్డ శరీరంలో ఏమి చేస్తున్నదో తెలుసుకోవాలి. తెలియని దానిపై తీర్పు చెప్పడం మంచి మనస్సాక్షి లక్షణం కాదు.

మన కడప, కర్నూలు ప్రాంతాలవారికి బాగా తెలిసిన ధనుర్వాతాన్నే తీసుకొందాము. ఆ రోగాన్ని కలిగించే సూక్ష్మక్రిమి మన చేలలోని మట్టిలో, పశువుల పేడలో గట్టి గింజ వంటి రూపంలో ఏళ్ళ తరబడి బ్రతికి ఉంటుంది. ఎండకు చావదు, వానకు చావదు. తుమ్మ ముల్లు లోతుగా గుచ్చుకొన్నప్పుడో, కొడవలి తెగినప్పుడో లోపలికి పోతుంది. గాలి తగలని పుండులో అది మేలుకొని ఒక విషాన్ని పుట్టిస్తుంది. మనిషిని చంపేది ఆ విషమే. దవడలు బిగిసిపోతాయి, వెన్ను విల్లులాగా వంగిపోతుంది. అందుకే మన పెద్దలు దానికి ధనుర్వాతం అని పేరు పెట్టారు.

1890లో జర్మనీ దేశంలో బేరింగ్, ఆయనతో పనిచేసిన జపాను దేశస్థుడు కితసాతో ఒక సంగతి కనిపెట్టారు. ఈ విషాన్ని తట్టుకొనేటట్లు చేసిన జంతువు రక్తంలోని నీటివంటి భాగాన్ని తీసి మరొక జంతువుకు ఇస్తే, ఆ రెండవ జంతువుకు కూడా విషం ఎక్కడం లేదు. అంటే రక్తంలో విషానికి విరుగుడు తయారవుతున్నది. ఆ విరుగుడునే నేడు మనము యాంటీబాడీలు, ప్రతిరక్షకాలు అంటున్నాము. 1901లో వైద్యశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కు దక్కింది. తరువాత 1920లలో ఫ్రాన్సు దేశస్థుడు రమోఁ, విషాన్ని ఫార్మలిన్ కలిపి కొంత వేడిలో ఉంచితే దాని కోర పోయి రూపం మాత్రం మిగులుతుందని చూపించాడు. అలా కోర తీసిన విషమే టాక్సాయిడ్. మన బిడ్డల తొడలో వేసే సూదిలో ధనుర్వాతానికి, కంఠసర్పికి ఉన్న మందు అదే. అందులో రోగం లేదు. శత్రువు ముఖం మాత్రం ఉన్నది.

ఆ ముఖాన్ని చూసిన శరీరం ఏమి చేస్తుంది? మన రక్తంలో, గజ్జల్లో, చంకల్లో ఉండే గ్రంథులలో బి కణాలు అనే తెల్లకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణం ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే పట్టుకోగలిగేటట్లు దేవుడు వాటిని కోట్ల రకాలుగా ఏర్పరచాడు. సూదిలోని ముఖం ఏ కొద్ది కణాలకు సరిపోతుందో అవి మేలుకొంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా పెరిగేటప్పుడు వాటిలో చిన్న చిన్న మార్పులు కలుగుతాయి. ముందుకంటే గట్టిగా పట్టుకోగలిగిన కణాలు నిలుస్తాయి, పట్టు లేనివి రాలిపోతాయి. వడ్లు చెరిగినట్లు శరీరం తనలో తాను చెరుగుకొంటుంది. ఈ పని ఒక్క దినంలో అయ్యేది కాదు, దానికి వారాలు పడుతుంది. మొదటి సూదికి తయారయ్యే ప్రతిరక్షకాలు కొద్దివి, పట్టు తక్కువవి, త్వరగా తగ్గిపోయేవి.

రెండవ సూది పడినప్పుడు కథ మారుతుంది. మొదటి పాఠాన్ని జ్ఞాపకం ఉంచుకొన్న కణాలు అప్పటికే కాచుకొని ఉంటాయి. అవి వారాలు కాదు, రోజులలోనే లేస్తాయి. ఈసారి పుట్టే ప్రతిరక్షకాలు ఎక్కువ, వాటి పట్టు గట్టి. మూడవ సూదికి ఇంకా గట్టిపడతాయి. కొన్ని కణాలు ఎముకల మూలుగలో చేరి ఏళ్ళ తరబడి ఆ విరుగుడును కొంచెం కొంచెంగా తయారు చేస్తూనే ఉంటాయి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం అని ఆరోగ్య కార్యకర్తలు లెక్క చెప్పేది ఇందుకే. ఒకటే పాఠాన్ని మూడుసార్లు చెప్పేది శరీరానికి తెలివి లేక కాదు. పాఠం లోపల ఇంకడానికి వ్యవధి కావాలి. సత్యోపదేశం నేర్పే మన ఉపదేశులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మీరొక మాట అడగవచ్చు. "రోగం వచ్చి తగ్గితే శరీరం తనంతట తానే నేర్చుకోదా? మన తాతలు అట్లే గదా బ్రతికినారు?" కొన్ని రోగాల విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉన్నది. ధనుర్వాతం విషయంలో లేదు. ఆ విషం ఎంత తీక్షణమైనదంటే, మనిషిని చంపడానికి చాలినంత విషం శరీరానికి పాఠం నేర్పడానికి చాలదు. ధనుర్వాతం వచ్చి చావు తప్పించుకొన్న మనిషికి కూడా మళ్ళీ ఆ రోగం రావచ్చు. వానికి కూడా టీకా వేయవలసిందే. శ్రమ అంతా పడి పాఠం మాత్రం నేర్చుకోని రోగం ఇది. బాధ మనిషికి తనంతట తానే మేలు చేస్తుందనే భ్రమ మనలో చాలామందికి ఉన్నది. అన్ని బాధలూ అట్లా కావు.

మరి పుట్టిన వారం పది రోజుల బిడ్డ సంగతి ఏమిటి? వానికి ఆరో వారం ఇంకా రాలేదు. ఒకప్పుడు పల్లెలలో బొడ్డు కోసిన కొడవలి ద్వారా, బొడ్డుపై అద్దిన పేడ, బూడిదల ద్వారా పసిబిడ్డలకు ధనుర్వాతం సోకేది. రెండు రోజులు చక్కగా పాలు త్రాగిన బిడ్డ మూడో రోజు తరువాత చన్ను పట్టలేక, ఒళ్ళు బిగిసి చనిపోయేది. గాలి సోకిందనేవారు, దిష్టి తగిలిందనేవారు. మీ ఇళ్ళలోని ముసలమ్మలను అడిగి చూడండి, పేరు పెట్టకముందే పోయిన బిడ్డల లెక్క చెబుతారు.

ఆ బిడ్డను కాపాడే ముఖ్యమైన మార్గం ఒకటి ఉన్నది. తల్లి గర్భంతో ఉండగా తల్లికి సూది వేయాలి. ఆమె శరీరం నేర్చుకొన్న విరుగుడు మాయ గుండా బిడ్డ రక్తంలోకి పోతుంది. బిడ్డ నేర్చుకొన్నది ఏమీ లేదు, చేసినది ఏమీ లేదు. తల్లి పడిన నొప్పి ఫలం బిడ్డకు అందింది, అంతే. ఈ సూదుల వలన, ఆసుపత్రి కాన్పుల వలన, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం వలన 2003లో మన ఆంధ్రప్రదేశ్, పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొట్టమొదట గుర్తింపు పొందింది. నిర్మూలన అంటే ఏ జిల్లాలో చూసినా ఏడాదికి పుట్టే వెయ్యి మంది బిడ్డలలో ఒక్కరికంటే తక్కువ మందికే ఆ రోగం రావడం. 2015 నాటికి దేశమంతా ఆ మెట్టుకు చేరింది. కాని మట్టిలోని క్రిమి మట్టిలోనే ఉన్నది. ఒక తరం తల్లులు సూది మానివేస్తే ఆ రోగం మళ్ళీ వస్తుంది.

ప్రియ పాఠకులారా, ఆ తల్లి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నదని నాకు తోస్తున్నది. ఆమె తన కడుపులోని బిడ్డ కోసం తాను సూది వేయించుకొన్నప్పుడు ఆమెకు కూడా రోగం లేదు. ఆమె చేయి కూడా నొప్పి పెట్టింది. అప్పుడు అది పాపమని ఆమెకు తోచలేదు, ప్రేమ అని తోచింది. తల్లి ఇచ్చిన ఆ విరుగుడు బిడ్డలో కొన్ని నెలలకు కరిగిపోతుంది. అది కరిగిపోయేలోగా బిడ్డ శరీరం తనదైన విరుగుడు తయారు చేసుకోవాలి. ఆరో వారం సూది తల్లి మొదలుపెట్టిన పనికి కొనసాగింపు. తన నొప్పితో కాచిన తల్లి, ఇక బిడ్డ కూడా కొంచెం నొప్పి ఓర్చుకొనే వేళ వచ్చిందని ఒప్పుకోవాలి. అదే కష్టం. మన నొప్పి మనం ఓర్చుకోవడం కంటే మన బిడ్డ నొప్పిని మనం ఒప్పుకోవడం కష్టం.

"బిడ్డను అడగకుండా చేయవచ్చునా?" అనేదానికి కూడా మన కతోలిక కుటుంబాలకు జవాబు తెలియకపోలేదు. మనము బిడ్డకు అంగీకారం చెప్పే వయసు వచ్చేవరకు ఆగకుండా జ్ఞానస్నానం ఇప్పిస్తున్నాము. దానికి బదులు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ పక్షాన మాట ఇస్తున్నారు. నేను దివ్య సంస్కారాన్ని సూదితో సమానం చేయడం లేదు. జ్ఞానస్నానం దేవుని వరప్రసాదం, టీకా మనుషుల చేతిపని. నేను చెప్పేది తల్లిదండ్రుల బాధ్యత గురించి మాత్రమే. బిడ్డకు మేలు ఏదో తెలిసినప్పుడు, వాడు పెద్దవాడై అడిగేదాకా ఆగడం తటస్థంగా ఉండడం కాదు. ఆగడం కూడా బిడ్డ పక్షాన మనము చేసిన నిర్ణయమే. దాని ఫలం అనుభవించేది బిడ్డే.

ఇప్పుడు మరొక అద్భుతం చెబుతాను. టైఫాయిడ్, హిబ్ వంటి కొన్ని సూక్ష్మక్రిములు తమ చుట్టూ ఒక రకమైన చక్కెర పొర కప్పుకొని ఉంటాయి. పెద్దవారి శరీరం ఆ చక్కెర పొరను గుర్తుపట్టి ప్రతిరక్షకాలు తయారు చేయగలదు. రెండేళ్ళలోపు బిడ్డ శరీరం మాత్రం ఆ పొరను చూసి కూడా సరిగా మేలుకోలేదు. అందుచేత ఒకప్పటి టైఫాయిడ్ సూది రెండేళ్ళలోపు పిల్లలకు పనికిరాలేదు. అప్పుడు శాస్త్రజ్ఞులు ఏమి చేశారు? ఆ చక్కెరను ఒక మాంసకృత్తుకు అతికించారు. శరీరంలో టి కణాలు అనే మరొక రకం కణాలు ఉన్నాయి. అవి మాంసకృత్తును గుర్తుపట్టి, చక్కెరను పట్టుకొన్న బి కణానికి సాయం వస్తాయి. ఆ సాయంతో పసిబిడ్డ శరీరం కూడా పాఠం నేర్చుకొంటుంది, జ్ఞాపకం ఉంచుకొంటుంది.

ఈ విధంగా అతికించి చేసిన టైఫాయిడ్ టీకాలలో 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం మొదట పొందినది మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసినది. దానిని ఆరు నెలల బిడ్డ మొదలుకొని వేయవచ్చు. నేపాలులో ఇరవై వేల మంది పిల్లలకు వేసి చూసినప్పుడు వందకు ఎనభై పాళ్ళు టైఫాయిడును ఆపినట్లు 2019లో ప్రకటించారు. ఇంతకూ అందులో చక్కెరకు తోడుగా అతికించిన మాంసకృత్తు ఏదో తెలుసునా? కోర తీసిన ధనుర్వాతపు విషమే. ఒకనాడు పొత్తిళ్ళలోని బిడ్డలను చంపిన విషం ఈనాడు బిడ్డలకు పాఠం నేర్పే తోడుగా మారింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని పక్షవాత రోగి గుర్తుకు వచ్చాడు. వాడు తనంతట తాను ప్రభువు దగ్గరకు రాలేడు. నలుగురు మోసుకొని వచ్చి, ఇంటి కప్పు విప్పి వానిని దింపారు. ప్రభువు చూసింది ఆ మోసినవారి విశ్వాసాన్ని కూడా. బలహీనుడు ఒంటరిగా నేర్చుకోలేనిది తోడు ఉంటే నేర్చుకొంటాడు. ఈ మాటను మీరు మనసులో ఉంచుకోండి, చివర మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

కొందరు భక్తిపరులు, "ఆరోగ్యమాతకు మొక్కుకొన్నాము, ప్రభువును నమ్ముకొన్నాము, ఇంకా సూది ఎందుకు?" అంటారు. వారి భక్తిని నేను తక్కువ చేయను. అయితే మత్తయి సువార్త నాలుగవ అధ్యాయాన్ని తెరవండి. దేవాలయ శిఖరం నుండి దూకితే దేవదూతలు కాపాడతారని యేసుతో అన్నది ఎవరు? శోధకుడు. ప్రభువు దూకలేదు. మెట్లు ఉండగా శిఖరం నుండి దూకడం విశ్వాసం కాదు, దేవుని పరీక్షించడం. సీరా జ్ఞానగ్రంథం ముప్పై ఎనిమిదవ అధ్యాయం వైద్యుని గౌరవించమనీ, మందును నేల నుండి పుట్టించినది దేవుడేననీ బోధిస్తున్నది. ప్రార్థన చేయండి, మొక్కు చెల్లించండి, పదో వారంలో ఆరోగ్య కేంద్రానికి కూడా వెళ్ళండి. ఈ మూడింటికి ఒకదానితో ఒకటి వైరం లేదు.

ఇక పొరుగువాని సంగతి. ధనుర్వాతం ఒక మనిషి నుండి మరొక మనిషికి అంటుకోదు. కాబట్టి ఊరంతా సూది వేయించుకొన్నా, వేయించుకోనివానికి ముల్లు గుచ్చుకొంటే వానిని ఎవరూ కాపాడలేరు. కంఠసర్పి, కోరింత దగ్గు అలా కాదు. అవి దగ్గుతో, తుమ్ముతో, ఊపిరితో పాకేవి. ఎదిగిన పిల్లవానికి కోరింత దగ్గు నెలల తరబడి పీడించే దగ్గు, పక్కింటి నెల బిడ్డకు అది ఊపిరి ఆగే గండం. ఆ నెల బిడ్డకు ఇంకా సూది వేళ రాలేదు. చుట్టూ ఉన్న పిల్లలకు సూదులు పడి ఉంటే ఆ బిడ్డ చుట్టూ ఒక కంచె ఉన్నట్లే. "నా బిడ్డ నా ఇష్టం" అనే మాట ఇక్కడ పూర్తిగా నిలవదు. కయీను అడిగిన ప్రశ్నకు దేవుని జవాబు ఏమిటో మనకు తెలుసు. 2021 ఆగస్టులో కోవిడ్ టీకాలను గూర్చి మాట్లాడుతూ దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు, టీకా వేయించుకోవడం ప్రేమతో చేసే పని అని బోధించినది కూడా ఈ పొరుగువానిని తలచుకొనే.

అయితే సందేహించేవారందరినీ మూఢులని నిందించడం న్యాయం కాదు. సందేహానికి మన దేశంలో చరిత్ర ఉన్నది. మన రాయలసీమలోని మదనపల్లె, 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో ఒకటి. అది క్షయకు వేసే టీకా. అది ప్రతిరక్షకాలకంటే ఎక్కువగా కణాల ద్వారా పనిచేస్తుంది. 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి ఆ టీకాను బహిరంగంగా వ్యతిరేకించారు. తరువాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. 1979లో తొలి ఫలితాలు వెలువడినప్పుడు, పెద్దవారిలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. పసిపిల్లలను మెదడు పొరలకు సోకే భయంకరమైన క్షయ నుండి కాపాడుతుంది గనుక ఈనాటికీ పుట్టిన బిడ్డకు వేస్తున్నారు. నేను ఇందులో మెచ్చుకొనేది ఏమంటే, తాము కోరని ఫలితాన్ని కూడా వైద్యులు దాచకుండా చెప్పారు. నమ్మకం అలాంటి నిజాయితీ మీదే నిలుస్తుంది.

నిజాయితీ లోపించినచోట నమ్మకం ఎలా కూలుతుందో కూడా మన తెలుగువారు చూశారు. 2009, 2010 సంవత్సరాలలో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు సంబంధించిన టీకా వేశారు. అది బాక్టీరియాకు కాదు, వైరస్‌కు వేసే టీకా. టీకా వలననే పిల్లలు చనిపోయారని విచారణలో తేలలేదు. కాని ఎందరో పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. పేదవారి బిడ్డ గనుక అడగనక్కరలేదనుకోవడం పాపమే. మందు మంచిదైనంత మాత్రాన ఆ పాపం తుడిచిపెట్టుకుపోదు.

మనస్సాక్షి గల కతోలిక తల్లిదండ్రులకు మరొక సందేహం ఉండవచ్చు. గర్భస్రావం చేసిన పిండాల నుండి ఎన్నడో తీసిన కణాలలో కొన్ని టీకాలను పెంచుతారని వారు విని ఉంటారు. అది కొన్ని వైరస్ టీకాలకు సంబంధించిన మాట. వైరస్ పెరగడానికి బ్రతికి ఉన్న కణం కావాలి. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, టైఫాయిడ్ కలిగించే బాక్టీరియాలు తగిన ద్రవాహారంలో తమంతట తామే పెరుగుతాయి, వాటికి మనిషి కణాలు అక్కరలేదు. ఆ వైరస్ టీకాల విషయంలో కూడా, వేరొక టీకా దొరకనప్పుడు వాటిని వేయించుకోవడం నైతికంగా అంగీకరింపదగినదేనని 2020 డిసెంబరులో కోవిడ్ సందర్భంగా విశ్వాస సిద్ధాంతాల పరిరక్షణ కార్యాలయం రోము నుండి తెలియజేసింది. టీకా బలవంతం మీద కాక ఇష్టపూర్వకంగా జరగాలనీ, అయితే అందరి మేలునూ తలచుకోవలసిన బాధ్యత మనపై ఉన్నదనీ ఆ పత్రమే గుర్తుచేసింది.

ఇప్పుడు ఆ తల్లికి నేను ఇవ్వవలసిన జవాబు ఇది.

అమ్మా, నీ బిడ్డ ఏడుపు విని నీ మనసు కలతపడడం పాపం కాదు, అది తల్లితనం. ఆ జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గేది. ఆ సూదిలోని కోరింత దగ్గు మందు వలన చాలామంది పిల్లలకు అది వస్తుంది. శరీరం పాఠం వింటున్నదనడానికి అది ఒక గుర్తు. జ్వరం రాని బిడ్డ శరీరం కూడా వింటుంది, కాబట్టి రాలేదని భయపడవద్దు. ఎక్కడో అరుదుగా తీవ్రమైన ఇబ్బంది కలగవచ్చు. అందుకే సూది తరువాత అరగంట అక్కడే కూర్చోమంటారు. ఫిట్స్ వంటివి వస్తే, ఆగకుండా గంటల తరబడి బిడ్డ ఏడిస్తే, తరువాతి సూదికి ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. బాగుండే బిడ్డకు జ్వరం తెప్పించడం నీవు కోరిన పని కాదు. నీవు కోరినది రక్షణ, జ్వరం దాని వెంట వచ్చిన కష్టం. వాని మేలు కోరి, తెలుసుకొని, పెద్ద ఆపద నుండి తప్పించడానికి చిన్న నొప్పిని ఒప్పుకోవడం పాపం కాదు. తెలిసి తెలిసి వానిని ఆ ఆపదకు వదిలివేయడమే మనము దేవుని ముందు జవాబు చెప్పుకోవలసిన సంగతి.

మరొక మంచి మాట కూడా ఉన్నది. పదో వారం దాటిపోయిందని మొదటి సూది వృథా కాలేదు. మళ్ళీ మొదటి నుండి వేయనక్కరలేదు, ఆగినచోట నుండి కొనసాగిస్తారు. నీ బిడ్డ శరీరంలోని ఆ కణాలు నిన్న మొన్న నేర్చుకొన్నదానిని ఇంకా తలచుకొంటూ నీకోసం కాచుకొని ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవారిని కూడా చేర్చుకొనే గుణం సృష్టికర్త శరీరంలో కూడా పెట్టాడు.

ఈ జవాబును ఆ తరువాతి ఆదివారం ఆమెకు చెప్పాను. ఆమె అంతా విని, "అయితే బుధవారం పోతాను ఫాదర్. కానీ ఆ పొద్దు కూలి పోతుంది, మర్నాడు జొరమొస్తే ఆ కూలి కూడా పోతుంది" అన్నది. అది చెనిక్కాయలు పెరికే కాలం. నేను పాపపుణ్యాల గురించి ఎంతో ఆలోచించాను గాని, రెండు రోజుల కూలి గురించి ఆలోచించలేదు. ఆమె పదో వారంలో ఎందుకు పోలేదో అప్పుడు నాకు పూర్తిగా అర్థమయింది. ఆమె పక్కింటి సహోదరి, బిడ్డకు జ్ఞానతల్లి కూడా అయిన ఆమె, "మర్నాడు బిడ్డను నేను చూసుకొంటాలే, నువ్వు పనికి పో" అన్నది. బుధవారం ఇద్దరూ కలిసి వెళ్ళారు.

పక్షవాత రోగిని మోసిన నలుగురి మాట ఇందాక మనసులో ఉంచుకోమన్నాను. పసిబిడ్డ రక్తంలోని బలహీనమైన కణానికి తోడు కావలసినట్లే, ఆ బిడ్డను ఎత్తుకొని నిలబడిన పేద తల్లికి కూడా తోడు కావాలి. "సూది వేయించకపోవడం తప్పు" అని చెప్పడం సులభం. ఆ తప్పు జరగకుండా ఒక దినం బిడ్డను ఎత్తుకోవడం విచారణ చేయవలసిన పని. జ్ఞాన తల్లిదండ్రులు అంటే జ్ఞానస్నానం నాడు కొవ్వొత్తి పట్టుకొని ఫోటోకు నిలబడేవారు మాత్రమే కాదు. మీ జ్ఞాన బిడ్డ టీకాల కార్డు ఒకసారి తెప్పించుకొని చూడండి. ఖాళీగా ఉన్న గడి ఏదైనా కనబడితే ఆ తల్లిని కసరవద్దు. "ఎప్పుడు పోదాం?" అని అడగండి.

తన చేతులలోకి పసిబిడ్డలను తీసుకొని దీవించిన యేసుప్రభువు మన పల్లెల బిడ్డలను, వారిని మోసే చేతులను దీవించునుగాక!